కుక్క అరవకుండా బార్క్ కాలర్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, అలిపిరి వెళ్లే రోడ్డు పక్కనే ఇల్లు. తెల్లవారుజామున భక్తులు గోవిందా అంటూ నడిచి వెళ్తుంటే మా ల్యాబ్రడార్ కుక్క గేటు మీదికి ఎగబడి ఒకటే అరుపు, పక్కింటివాళ్లతో రోజూ గొడవ. ఆన్‌లైన్‌లో బార్క్ కాలర్లు, అంటే కుక్క అరవగానే పనిచేసే మెడపట్టీలు, షాక్ ఇచ్చేవి, వైబ్రేషన్‌వి, స్ప్రేవి చూశాను. ఎవరైనా వాడారా అండీ?

జవాబు: షాక్‌ది మాత్రం వద్దండీ. మెడకు ఆనుకునే రెండు లోహపు మొనల్లోంచి కరెంటు కొడుతుంది, ఎక్కువసేపు ఉంచితే అక్కడ పుండ్లు కూడా పడతాయి. పైగా నొప్పి ఎందుకొచ్చిందో తెలియక ఎదురుగా కనిపించే మనిషి వల్లే వచ్చిందనుకుంటే, అరిచే కుక్క కాస్తా కరిచే కుక్క అవుతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే వీటిని నిషేధించారు.

జవాబు: మేం వైబ్రేషన్‌ది పెట్టాం. మైక్‌తో పనిచేసే రకం, వీధికుక్క అరిచినా మా దాని మెడ దగ్గరే బుర్రుమనేది, పాపం మంచం కింద దూరి అన్నానికి కూడా వచ్చేది కాదు. తీసేశాం.

జవాబు: ముందు గేటుకు రేకు కొట్టించండి, రోడ్డు కనపడకపోతే చాలావరకు తగ్గుతుంది. ఆ టైముకి లోపలి గదిలో పడుకోబెట్టండి. నడిచేవాళ్ల సందడి ఫోన్‌లో రికార్డు చేసి, చిన్న సౌండ్‌తో వినిపిస్తూ, అరవకుండా ఉన్నంతసేపు బిస్కెట్ ముక్కలు వేయండి, రోజులు గడిచేకొద్దీ మెల్లగా సౌండ్ పెంచండి. ఓపిక కావాలి. అరుపులు ఈమధ్యే పెరిగితే ఒంట్లో నొప్పేమైనా ఉందేమో, మన ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది కదా, చూపించండి.