ఎక్కువ రోజులు ఒక దేశంలో, వీసా మరో దేశం పేరుతో: ఇది సరైనదేనా?

మారతహళ్లి నుంచి:
మే నెలలో అమ్మానాన్నలను యూరప్ తీసుకెళ్లాలనుకుంటున్నాను. మూడు దేశాలు, 11 రాత్రులు: ఒకచోట 6, మరోచోట 3, ఇంకోచోట 2. 6 రాత్రులుండే దేశానికి బెంగళూరులో అపాయింట్‌మెంట్ దొరకడం లేదు. 2 రాత్రుల దేశానికి వచ్చే వారమే ఉంది. "అక్కడే 6 రాత్రులు హోటల్ బుక్ చేసి చూపిద్దాం, వీసా వచ్చాక రద్దు చేసుకోండి" అంటున్నారు ఏజెంటు. చేయవచ్చా?

వైట్‌ఫీల్డ్ నుంచి:
చేయండి, నేనూ అలాగే వెళ్లొచ్చాను. షెంగెన్ వీసా ఏ దేశం ఇచ్చినా యూరప్‌లోని 29 దేశాల్లో చెల్లుతుంది. ఆ దేశాల మధ్య సరిహద్దుల్లో సాధారణంగా పాస్‌పోర్టు అడగరు. అపాయింట్‌మెంట్లు లేకపోవడం మన తప్పు కాదు. దానికి సెలవులు ఎందుకు పోగొట్టుకోవాలి?

కోరమంగళ నుంచి:
వైట్‌ఫీల్డ్ గారూ, మీ బాధ న్యాయమైనదే. సలహాను మాత్రం ఒప్పుకోలేను. వీసా ఎక్కడ చెల్లుతుందన్నది వేరు, ఎవరు ఇవ్వాలన్నది వేరు. ప్రయాణంలో ప్రధానమైన దేశానికే దరఖాస్తు చేయాలి, అంటే ఎక్కువ రోజులుండేది లేదా అసలు పని ఉన్నది. మొదట దిగే దేశం లెక్కలోకి వచ్చేది రోజులు సమానమైనప్పుడే. ఈ ఒక్క విషయంలో చాలామంది పొరబడతారు.

దరఖాస్తులో ఇచ్చిన వివరాలన్నీ నిజమేనని ఎవరికి వారు సంతకం చేయాలి. మీ నాన్నగారి చేత ఆ సంతకం చేయిస్తారా? దిగిన చోట అధికారి మీ అమ్మగారిని "ఎక్కడ ఉంటారు?" అని అడిగితే ఆమె ఉన్నదే చెబుతారు. ఆ మాట మీ కాగితాలకు ఎదురు తిరుగుతుంది. మోసంతో పొందినదని తేలితే వీసాను అక్కడే రద్దు చేయవచ్చు. ఆ వయసులో వాళ్లను విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించే పరిస్థితి తెచ్చుకోకండి. ముందే తిరస్కరిస్తే మనిషికి 90 యూరోల రుసుము తిరిగి రాదు, ఆ వివరం వాళ్ల వ్యవస్థలో 5 ఏళ్లు ఉంటుంది.

కాగితాలను కాదు, ప్రయాణాన్ని మార్చండి. మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. 2 రాత్రులే అనుకున్న ఆస్ట్రియాకు 6 కేటాయించి, అక్కడికే దరఖాస్తు చేశాం. వియన్నా చూసి వచ్చేయాల్సినవాళ్లం సాల్జ్‌బర్గ్, సరస్సు ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్ కూడా తిరిగాం. మా అత్తయ్య ఇప్పటికీ ఆ సరస్సు గురించే చెబుతారు. లేదా సెప్టెంబరుకు వాయిదా వేయండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు.

వైట్‌ఫీల్డ్ నుంచి:
విహారయాత్ర అయితే మార్చుకోవచ్చు. పెళ్లికో సదస్సుకో వెళ్లేవాళ్ల సంగతి? తేదీ వాళ్ల చేతిలో ఉండదు.

కోరమంగళ నుంచి:
అక్కడ రోజుల కన్నా పనికే ప్రాధాన్యం. పెళ్లి కోసమే వెళ్తుంటే, అక్కడ 2 రోజులే ఉన్నా ఆహ్వానం జతచేసి ఆ దేశానికే దరఖాస్తు చేయవచ్చు. అప్పుడూ అబద్ధం అవసరం లేదు.

వైట్‌ఫీల్డ్ నుంచి:
ఇది నాకు తెలియదు. అయినా అపాయింట్‌మెంట్ల కొరత తీరనంత కాలం ఏజెంటు మాట వినేవాళ్లను నేను తప్పు పట్టలేను.

మారతహళ్లి నుంచి:
నాన్నకు ఆ సంతకం సంగతి తెలుగులో చదివి వినిపించాను. "వద్దులే" అన్నారు. 2 రాత్రుల దేశంలో 5 ఉంటాం, మిగతా రెండింట్లో మూడేసి. ఏజెంటుకు చెప్పేశాను. వీసాకు కావాల్సిన 30,000 యూరోల వైద్య బీమా నాన్నకు విడిగా తీసుకోవాలా, ముగ్గురికీ కలిపి ఒకటే తీసుకోవచ్చా?