కరోనా పూర్తిగా పోకముందే క్రూజ్ ఎక్కితే జనానికి దూరంగా తిని, తిరిగి రావడం కుదురుతుందా?

పటమట తాతయ్య (విజయవాడ), 14 మే 2022

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి జూన్ నెలాఖరుకు గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాడు. మెక్సికోలోని కొజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లోని రొవటాన్ చూపిస్తాడట. మేమిద్దరం, వాళ్లిద్దరు, ఆరేళ్ల మనవరాలు. నాకు 68 ఏళ్లు. మా ఆవిడకు ఆస్తమా. ఇద్దరికీ మూడో డోసు కూడా అయింది.

"జనం లేని చోట తిందాం నాన్నా, జనం లేని వేళ షోలు చూద్దాం, మీరేమీ కంగారు పడకండి" అని వాడి ధైర్యం. మా బావమరిది మాట వేరు: "నాలుగు వేల మంది ఎక్కిన ఓడలో జనం లేని చోటు కావాలంటే సముద్రంలోకి దూకాలి బావా!"

వీళ్లిద్దరిలో ఎవరి మాట నిజం? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. వద్దనేవాళ్లు కూడా చెప్పండి, కాకపోతే కారణం చెప్పి వద్దనండి.

మంగళగిరి మాస్టారు, 14 మే 2022

మీ బావమరిది సరిగ్గానే చెప్పారు. డైమండ్ ప్రిన్సెస్‌ను అప్పుడే మరిచిపోయామా? 2020 ఫిబ్రవరిలో ఆ ఓడను జపాన్‌లోని యొకొహామా దగ్గర నిలిపేశారు. అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి వ్యాధి సోకింది. ప్రయాణికులను గదుల్లోనే ఉంచి, భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లారు. అంతకంటే జనం లేని భోజనం ఎక్కడైనా ఉంటుందా? కానీ ఆ భోజనం వండినవాళ్లు, మోసినవాళ్లు పక్కపక్కనే కూర్చుని తిన్నారు, గదులు పంచుకుని పడుకున్నారు. సిబ్బందిలో తొలుత బయటపడిన 20 కేసుల్లో 15 వంట, వడ్డన విభాగాల వారివే.

అది టీకాలు రాకముందు సంగతి అంటారా, మొన్న జనవరిలో ముంబై నుంచి గోవా వెళ్లిన కార్డీలియా ఓడ సంగతి చూడండి. రెండు వేల పైచిలుకు మంది ఉన్నారు. గోవాలో పరీక్షలు చేస్తే 66 మందికి పాజిటివ్ వచ్చింది. ఓడ తిరిగి ముంబై చేరింది. మీరు ఏ మూల బల్ల దగ్గర కూర్చున్నా వడ్డించే చేయి, నడిచే వరండా, ఎక్కే లిఫ్టు అందరిదీ ఒకటే.

బీసెంట్ రోడ్డు బాటసారి, 15 మే 2022

మాస్టారు గారూ, రెండు వేల మందిలో 66 మంది అంటే అప్పటి ఒమిక్రాన్ ఉధృతిలో మన ఊళ్లో ఏ కల్యాణ మండపంలో పరీక్షలు చేసినా అంతమంది తేలేవారు. అక్కడ పరీక్షలు చేశారు కాబట్టి తెలిసింది. ఇక్కడ చేయలేదు కాబట్టి హాయిగా గారెలు తిని ఇంటికి వచ్చాం. అంతే తేడా.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా క్రూజ్‌ల మీద పెట్టిన హెచ్చరికను మార్చి 30న ఎత్తేసింది. పిల్లలు ప్రేమగా పిలుస్తున్నారు, వెళ్లి రండి.

మంగళగిరి మాస్టారు, 15 మే 2022

మండపంలో గంటా రెండు గంటలు ఉండి అక్షింతలు వేసి వచ్చేస్తాం. ఓడలో ఏడు రాత్రులు ఉండాలి. హెచ్చరిక ఎత్తేసినంత మాత్రాన వైరస్ ఓడ దిగిపోయిందా?

అరండల్‌పేట వంటవాడు (గుంటూరు), 15 మే 2022

కరోనాకు ముందు, ఆ తర్వాత కూడా క్రూజ్ ఓడల వంటశాలల్లో పనిచేశాను. కంపెనీల పేర్లు చెప్పను. మాస్టారు గారు చెప్పిన వంటవాళ్ల సంగతి నిజం. మా క్యాబిన్లు నీటిమట్టానికి దిగువన ఉంటాయి, ఒక్కో గదిలో ఇద్దరం పడుకుంటాం. ఆ ప్రమాదాన్ని ఎవరూ మాయం చేయలేరు. కానీ తాతయ్య గారు అడిగింది రద్దీ గురించి. దాని గురించి నాకు తెలిసింది చెబుతాను.

ఓడ మీద జనం గడియారం చూసి కదులుతారు. ఆ గడియారం తెలిసినవాళ్లకు, నిండిన ఓడలోనూ ఖాళీ బల్ల దొరుకుతుంది. 2016 పుష్కరాల్లో అందరూ దుర్గా ఘాట్‌కే ఎగబడుతుంటే పల్లెటూళ్ల ఘాట్లలో తాపీగా మునకలు వేసి వచ్చినవాళ్లు లేరా? ఇదీ అంతే.

మొదటి రోజు మధ్యాహ్నమే అన్నిటికంటే ఘోరం. గదులు అప్పటికి సిద్ధం కావు. ఎక్కిన ప్రతివాడూ చేతి సంచులతో సహా పైడెక్కు మీది బఫేకే వస్తాడు. కుర్చీ మీద ఒకరు, కుర్చీ కింద వాళ్ల పెట్టె, పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డవాళ్లు. కాబట్టి ఎక్కే సమయం ఎంచుకునేటప్పుడు చివరి గంట తీసుకోండి. గాల్వెస్టన్‌లోనే భోంచేసి ఎక్కండి.

ఓడ రోజంతా సముద్రం మీదే ఉండే రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా బఫేలో కాలు పెట్టలేరు. అదే వేళకు కింది డెక్కులోని పెద్ద భోజనశాల ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ కూర్చుంటే వెయిటరే తెచ్చి పెడతాడు. ఈ సంగతి సగం మందికి తెలియదు, తెలిసినా మెట్లు దిగరు.

రేవులో ఆగిన రోజుల్లో లెక్క తారుమారవుతుంది. కొజుమెల్‌లో ఒకే రోజు నాలుగైదు ఓడలు ఆగడం మామూలే. ఊరు కిక్కిరిసి ఉంటుంది, ఓడ ఖాళీగా ఉంటుంది. రేవుల్లో ఒకటి వదులుకుని ఓడలోనే ఉండిపోండి. ఈత కొలను దగ్గర మీ మనవరాలు ఒక్కతే ఉన్నా ఆశ్చర్యపోకండి. భోజనం మూడింటికల్లా ముగించండి. నాలుగు దాటిందంటే ఎండలో తిరిగి వచ్చినవాళ్లంతా చెప్పులైనా మార్చుకోకుండా బఫే మీద పడతారు. మా వంటశాలలో అందరం ఆ గంట కోసం నడుం బిగించుకునేవాళ్లం.

రాత్రి భోజనానికి రెండు పంక్తులుంటాయి. మొదటిది ఆరింటికి అటూ ఇటూగా, రెండోది ఎనిమిది దాటాక. పిల్లల కుటుంబాలన్నీ మొదటి పంక్తికే వస్తాయి. పంక్తులు వద్దనుకుని, నచ్చిన వేళకు వచ్చే పద్ధతి తీసుకుంటే తలుపు తీయగానే వెళ్లాలి. ఆరున్నర, ఏడున్నర మధ్య బయట వరసలో నిలబడాల్సి వస్తుంది. మీరు ఐదుగురు కాబట్టి మొదటి రోజే హెడ్ వెయిటర్ దగ్గరికి వెళ్లి, ఇతరులతో కలపకుండా వేరే బల్ల ఇమ్మని అడగండి.

ఇంకో సంగతి. వారంలో ఒకటి రెండు రాత్రులు అందరూ కోట్లు, గౌన్లు వేసుకుని, ఫొటోలు దిగి, లాబ్‌స్టర్ కోసం కింది భోజనశాలకు వెళతారు. ఆ రాత్రి బఫేలో మా వాళ్లు వచ్చేపోయేవాళ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటారు. శాకాహారులకు అంతకన్నా మంచి రాత్రి లేదు.

షోల విషయానికి వస్తే, రాత్రి రెండు ఆటల్లో రెండోది చూడండి. పై అంతస్తులో, పక్క వరసలో, తలుపు దగ్గర కూర్చోండి. చివరి పాట మొదలు కాగానే లేచి వచ్చేయండి. ఐదు నిమిషాలు ఆగితే లిఫ్టుల దగ్గర జాతరే.

పటమట తాతయ్య, 16 మే 2022

వంటవాడు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అబ్బాయికి పంపాను. చిక్కల్లా మా ఆవిడతోనే. ఏడింటికి నాలుగు మెతుకులు నోట్లో వేసుకోకపోతే మాత్రలు వేసుకోవడం కుదరదు. రెండో పంక్తి అంటే ఎనిమిది దాటుతుంది కదా. పెరుగన్నం లేకపోతే భోజనమే కాదంటుంది. మాగాయ తీసుకెళ్లవచ్చా?

బ్రాడీపేట సిస్టర్ (గుంటూరు), 16 మే 2022

కొవిడ్ వార్డులో పనిచేసిన నర్సుగా ఒక మాట. అందరూ తలలు లెక్కపెడుతున్నారు. నేనైతే గాలి చూడమంటాను. ఈ వైరస్ గాలిలో తేలే సన్నటి తుంపరల ద్వారా కూడా వ్యాపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది. పెద్ద భోజనశాలలో వంద మంది కంటే, తక్కువ ఎత్తు కప్పు ఉన్న చిన్న హాస్య క్లబ్బులో నలభై మంది ఎక్కువ ప్రమాదం. అక్కడ అందరూ నోరు తెరిచి నవ్వుతారు, అరుస్తారు. పాటలు పాడించే బార్లు కూడా అంతే. ఆ గదులు సగం ఖాళీగా కనిపించినా అమ్మగారిని తీసుకెళ్లకండి. క్యాసినోలో చాలాచోట్ల పొగ కూడా తాగుతారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ దారిన నడవకపోవడమే మంచిది.

చాలా ఓడల్లో రాత్రిళ్లు కొలను పక్కన పెద్ద తెర మీద సినిమా వేస్తారు. పైన ఆకాశం, సముద్రపు గాలి. అక్కడ జనం ఉన్నా నాకంత బెంగ లేదు. లైఫ్‌బోట్లు వేలాడే డెక్కు మీద నడకా మంచిదే. లిఫ్టులో, థియేటరులో మాత్రం ఎన్95 మాస్కు తీయకండి, మిగతావాళ్లు వింతగా చూసినా సరే.

అంతకంటే ముందు ఇంకొకటి అడగాలి. మీలో ఒకరికి పాజిటివ్ వస్తే ఓడలో విడిగా ఉంచుతారు. అప్పుడు ఎవరు ఎవరితో ఉంటారు, పాప ఎవరి దగ్గర ఉంటుంది అనేది ఇంట్లోనే తేల్చుకోండి. ఓడ ఆసుపత్రి బిల్లు డాలర్లలో వస్తుంది. మీ ప్రయాణ బీమా ఓడ మీద వైద్యానికి, కొవిడ్‌కు, ఒడ్డుకు తరలించడానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇన్హేలర్లు చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

ఏలూరు రోడ్డు గుమాస్తా, 17 మే 2022

మీ అబ్బాయి ఏ వీడియోలు చూసి "జనం ఉండరు" అన్నాడో గానీ, అవి నిరుడు తీసినవై ఉంటాయి. అమెరికాలో 2020 మార్చిలో ఆగిన పెద్ద ఓడలు 2021 జూన్‌లో మళ్లీ కదిలాయి. అప్పుడు కావాలనే తక్కువ మందిని ఎక్కించుకున్నారు. సింగపూర్‌లోనూ 2020 చివర్లో ఎక్కడా ఆగకుండా తిరిగి వచ్చే క్రూజ్‌లు మొదలుపెట్టినప్పుడు సగం మందినే అనుమతించారు. ఆ ఖాళీ బల్లలు చూసి మురిసిపోయి ఇప్పుడు టికెట్టు కొంటున్నారు. ఇప్పుడు ఓడలు మళ్లీ నిండుతున్నాయి. పైగా జూన్ నెలాఖరంటే అక్కడ బడులకు సెలవులు.

ఇక ఓడలో ప్రశాంతతకు ధర ఉంటుంది. బాల్కనీ గదికి ఒక రేటు, అదనపు డబ్బు కట్టి తినే చిన్న రెస్టారెంట్లకు ఒక రేటు. డబ్బున్నవాడికి దూరం, లేనివాడికి వరస. వంటవాడు గారు ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరుకు మార్చుకుంటే పిల్లలు బడికి పోతారు, రద్దీ తగ్గుతుంది, టికెట్టు ధరా దిగుతుంది.

అరండల్‌పేట వంటవాడు, 17 మే 2022

సెప్టెంబరు ఆ సముద్రంలో తుపానుల నెల. ధర అందుకే దిగుతుంది. ఓడ మునిగేంత ప్రమాదం రాదు గానీ, దారి మార్చి వేరే రేవులకు తీసుకెళతారు. తాతయ్య గారికి తలనొప్పి తప్ప లాభం లేదు.

డబ్బు మాట ఎత్తలేదంటే, నేను పైన చెప్పినవాటిలో ఒక్కదానికీ పైసా అదనంగా అక్కర్లేదు కాబట్టే. బాల్కనీ ఒక్కటి మాత్రం ఆస్తమా ఉన్నవాళ్లకు పెట్టదగిన ఖర్చే. ఉదయం కాఫీ, రొట్టె గదికే తెప్పించుకుని సముద్రం చూస్తూ తినవచ్చు. అదనపు డబ్బుల రెస్టారెంట్లలో మాంసం ముక్కలకే పేరు. శాకాహారులు అక్కడ ఉడికించిన కూరగాయలకు యాభై డాలర్లు ఇవ్వడం ఎందుకు?

ఏలూరు రోడ్డు గుమాస్తా, 17 మే 2022

తుపాను సంగతి సరే. మీరు నేర్పుతున్న కిటుకులు ఓడలో అందరికీ తెలిస్తే ఆ ఖాళీ వేళలు ఖాళీగా ఉంటాయా?

అరండల్‌పేట వంటవాడు, 17 మే 2022

ఏళ్ల తరబడి అందరూ రాస్తూనే ఉన్నారు. అయినా మొదటి రోజు పన్నెండింటికి బఫే నిండుతూనే ఉంది.

కృష్ణలంక పడవ, 18 మే 2022

ఇంత కష్టం ఎందుకండీ? పున్నమి ఘాట్‌లో పడవ ఎక్కి భవానీ ద్వీపానికి వెళ్లి, మధ్యాహ్నం భోంచేసి రండి. పాస్‌పోర్టు అక్కర్లేదు.

మంగళగిరి మాస్టారు, 18 మే 2022

ఆదివారం మాత్రం వెళ్లకండి. ఆ పడవ దగ్గర వరస చూస్తే కొజుమెల్ నయమనిపిస్తుంది.

తాతయ్య గారూ, నా అభిప్రాయం మారలేదు. ఆస్తమా ఉన్న మనిషిని అన్ని రాత్రులు ఓడలో ఉంచడం నాకు నచ్చదు. డల్లాస్ నుంచి కారులో వెళ్లి, సముద్రతీరంలో ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉన్నా పాపకు ఇసుకలో ఆట దక్కుతుంది. తప్పదనుకుంటే సిస్టర్ గారి మాట అక్షరాలా పాటించండి. వంటవాడు గారి గడియారం రద్దీని తగ్గిస్తుందని ఒప్పుకుంటాను. అది గాలిని కడగదు.

పటమట తాతయ్య, 19 మే 2022

నిన్న రాత్రి అబ్బాయితో గంటసేపు మాట్లాడాను. సిస్టర్ గారి ప్రశ్న చదివి వినిపిస్తే వాడు కాసేపు మాట్లాడలేదు. పాపను ఎవరి దగ్గర ఉంచాలన్నది వాళ్లు ఆలోచించనే లేదట. ఒక గది బాల్కనీకి మారుస్తానన్నాడు. బీమా కాగితాలు మెయిల్ చేయమన్నాను, అవి చదివాకే అవునో కాదో చెబుతాను. ఓడ ఎక్కే ముందు పరీక్ష ఎలాగూ ఉంది. అందులో ఎవరికి తేలినా అందరం మానేయాలని ఒప్పందం.

మా ఆవిడ మాత్రం వీటన్నిటికీ తలూపి, పెరుగన్నం సంగతి అడిగారా అంది.

అరండల్‌పేట వంటవాడు, 19 మే 2022

అమ్మగారి కోసం నచ్చిన వేళకు వచ్చే పద్ధతే తీసుకోండి, తలుపు తీసే వేళకు మీరు వాకిట్లో ఉండాలి. ఏడింటికల్లా మాత్రలు వేసుకోవచ్చు.

ఇంట్లో పెట్టిన పచ్చడి చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు. కొట్లో అమ్మే సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా అడ్డు చెప్పరు, అయినా వాళ్ల నిబంధనలు ఒకసారి చూసుకోండి. పెరుగు ఉదయం బఫేలో ఉంటుంది. తీపి కలపనిది అడిగి ఒక గిన్నె గదిలోని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తెల్లన్నం మాత్రం మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో చెప్పాలి, మెత్తగా ఉడికించమని మరీ చెప్పాలి. లేకపోతే పలుకుగా పంపిస్తారు. వంటశాలలో మనవాళ్లు ఎవరైనా ఉంటే ఆవాలు, మిరపకాయలతో పోపు కూడా పెట్టి పంపుతారు.