నేల మీద సాగదీసిన బొమ్మకి కంటి ఎత్తు ఎంత పెట్టాలి?

శ్రీకాకుళంలో ఒక బడి వరండా నేల మీద తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం చేసే కళాకారుడి బొమ్మ వేయాలండి. గుమ్మం నుంచి చూస్తే లేచి నిలబడినట్టుండాలి. కంటి ఎత్తు 150 సెం.మీ., బొమ్మ నడిమికి నేల మీద దూరం 450 సెం.మీ. అనుకుంటే, చూపుకు ఎదురుగా ఉన్న 60 సెం.మీ. చదరం నేల మీద సుమారు 197 సెం.మీ. సాగుతోంది: దగ్గరి సగం 80, దూరపు సగం 117. వెడల్పు దగ్గరి అంచున 50, దూరపు అంచున 74. బొమ్మను గళ్ళుగా విడదీసి, గళ్ళన్నీ సమంగా సాగదీస్తే తల అణిగి కాళ్ళు పొడవైపోతాయి కదా!

చిక్కంతా చిన్నపిల్లలతోనే. 110 సెం.మీ. ఎత్తు నుంచి ఇదే బొమ్మ దాదాపు నాలుగో వంతు పొట్టిగా కనిపిస్తుంది. మధ్యస్తంగా 130 పెడితే పెద్దలకీ చెడుతుందా? పైగా నీళ్ళు పోవడానికి నేల గుమ్మం వైపు మీటరుకు 2 సెం.మీ. వాలింది. కంటి చోటు నుంచి నిలువు చట్రం గళ్ళ మీదుగా దారం లాగి గుర్తులు పెడితే ఆ వాలు దానంతటదే సర్దుకుంటుందా, వేరే లెక్క కట్టాలా?