ఇద్దరు కుర్రాళ్ళనిచ్చి ఒక ముదురు స్టార్‌ని తెచ్చుకోవాలా?

గచ్చిబౌలి గ్యాలరీ (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) మన ఊరి పేరుతో ఇంకో టీమ్ ఎప్పటికైనా వస్తుందన్న ఆశతో అడుగుతున్నా. వచ్చిన మొదటి ఏడాదే ఇద్దరు మంచి కుర్రాళ్ళని వేరే క్లబ్బుకిచ్చేసి, బదులుగా 36-37 ఏళ్ళ పేరున్న స్ట్రైకర్‌ని తెచ్చుకోవచ్చా?

నేనైతే కళ్ళు మూసుకుని తెచ్చుకుంటా. నైజీరియా స్ట్రైకర్ ఓగ్‌బెచే మన జెర్సీ వేసుకున్న మొదటి సీజన్‌లోనే 37 నిండాయి. 2021-22లో 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఎత్తుకెళ్ళాడు, కప్పు మనకొచ్చింది. ఆ పై ఏడు ఇంకో 10. ముసలోడు ముసలోడు అన్నవాళ్ళందరూ నోరు మూసుకున్నారు. పైగా పేరుంటేనే జనం వస్తారు. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్‌కి వస్తే టికెట్ల కోసం ఎలా ఎగబడ్డారో చూశాంగా.

బొల్లారం లెఫ్ట్‌బ్యాక్

అన్నా, ఓగ్‌బెచే ముచ్చట చెప్పినవ్, మంచిదే. కానీ ఆయన కోసం మనం ఎవల్నిచ్చినం? ఎవల్నీ ఇయ్యలే. ఆయన ముందర గోల్స్ కొడుతుంటే ఎన్క ఎడమ దిక్కు ఆకాశ్ మిశ్రా, కుడి దిక్కు ఆశిష్ రాయ్ పొద్దు పొడిచినకాడికెంచి ఉరికిండ్రు. ఇద్దరూ కుర్రాళ్ళే. నువ్వు ఇయ్యమంటున్నది అసొంటోళ్ళనే కదా. వాళ్ళు లేకుంటే ఆయనకు బాల్ ఎవడు పంపాలె?

ఫైనల్ యాది తెచ్చుకో. 2022 మార్చి 20, గోవాల ఫతోర్డా. 68వ నిమిషంల కేరళ కొట్టింది. 88ల సమం చేసింది సాహిల్ తవోరా. పెనాల్టీలల్ల మూడు ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి. ఆఖరి కిక్కు నర్జారీది. ముగ్గురూ మనదేశపోళ్ళే.

ఇగ జనం అంటవా, ఆ 18 గోల్స్‌ల ఒక్కటన్నా గచ్చిబౌలిల చూసినవా? కరోనా అని సీజన్ మొత్తం గోవాలనే పెట్టిండ్రు. టీవీల చూసినం అందరం.

గచ్చిబౌలి గ్యాలరీ

ఫైనల్ దాకా మోసుకొచ్చింది ఎవరు తమ్ముడూ? ఒక్క మ్యాచ్ చూపించి సీజన్ మొత్తాన్ని కొట్టిపారేస్తే ఎలా? 18 గోల్స్ కొట్టేవాడు గోల్ ముందున్న బాక్సులో నిలబడితే చాలు, ఇద్దరు డిఫెండర్లు అతన్నే పట్టుకుంటారు. పక్కవాడికి ఖాళీ దొరికేది అందుకే. స్కోరుషీట్‌లో కనపడని పని అది.

నైట్‌షిఫ్ట్ నాని

నేను అమెరికా క్లయింట్‌కి పని చేస్తా, సోమవారం పొద్దున్నే వాళ్ళ ఫుట్‌బాల్ చూస్తా (చేత్తో ఆడేదే, నవ్వుకోండి). ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో వాళ్ళు ముదిరిపోయారు. అక్కడ కుర్రాళ్ళకి బదులు, కాలేజీ నుంచి వచ్చే కొత్తవాళ్ళని ఎంచుకునే వంతుల్ని కూడా ఇచ్చేస్తారు. అంటే రేపటి టీమ్‌ని ఇవాళే అమ్మేయడం.

2021లో లాస్ ఏంజెలిస్ రామ్స్ రెండు మొదటి రౌండ్ వంతులు, ఒక మూడో రౌండ్ వంతు, పైన తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) గాఫ్‌ని కూడా ఇచ్చి డెట్రాయిట్ నుంచి ఇంకో క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి సూపర్ బౌల్ (వాళ్ళ లీగ్ ఫైనల్) గెలిచారు. అది చూసి ఊరంతా ఉత్సాహపడింది. 2022లో డెన్వర్ ఐదు వంతులు, ముగ్గురు ఆటగాళ్ళు ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ని తెచ్చింది. రెండు సీజన్లు ఆడించి, ఇంకా ఇవ్వాల్సిన డబ్బు కోట్ల డాలర్లు నెత్తిన పెట్టుకుని మరీ వదిలించుకుంది. 2023లో న్యూయార్క్ జెట్స్ 39 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్‌ని తెచ్చారు. మొదటి మ్యాచ్‌లో అతను బంతి పట్టుకున్న నాలుగోసారికే మడమ దగ్గర నరం తెగింది, సీజన్ ఖతం.

స్టాఫర్డ్‌కీ విల్సన్‌కీ వయసులో ఏడాది తేడా కూడా లేదు. తేడా ఎక్కడంటే, రామ్స్‌లో అప్పటికే ఆరన్ డొనాల్డ్, కూపర్ కప్ లాంటి మేటి ఆటగాళ్ళు ఉన్నారు. వాళ్ళకి తక్కువైంది ఒక్క మనిషే, ఆ ఒక్కణ్ణే కొన్నారు. కొత్త టీమ్‌కి తక్కువయ్యేది పదకొండు మందీ కదా.

సికింద్రాబాద్ సీనియర్

బాబూ, మీరంతా కొనడం గురించే మాట్లాడుతున్నారు. ఈ ఊరు ఒకప్పుడు ఇచ్చే ఊరు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ తెచ్చింది. ఏ పెద్ద పేరునీ అద్దెకి తెచ్చుకోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు జట్టులో మనవాళ్ళెంతమందో లెక్కపెట్టండి. అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కి ఆడి ఎంత పేరు తెచ్చుకున్నాడు! ఇరవై ఏళ్ళవాడిని ఇచ్చి నలభైకి దగ్గరపడ్డవాడిని తెచ్చుకునే బేరం నాకు మింగుడుపడదు.

మెస్సీ వస్తే జనం వచ్చారంటున్నావు. 2024 డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది, రోబి హన్స్‌దా ఆఖర్లో కొట్టాడు. ఈ చర్చలో ఉన్నవాళ్ళలో ఎంతమంది వెళ్ళారు నాయనా?

గచ్చిబౌలి గ్యాలరీ

అంకుల్, మీరన్నది గౌరవిస్తా. కానీ రహీం సాబ్ లాంటి కోచ్ ఇప్పుడెక్కడ? ఆయన తయారుచేసినట్టు తయారుచేయాలంటే పదేళ్ళు పడుతుంది. పదేళ్ళు ఓడిపోతూ కూర్చుంటే ఏ యజమాని ఆగుతాడు?

అల్వాల్ వింగర్

పిల్లలకి కోచింగ్ ఇస్తాను కాబట్టి నా గొడవ వేరు. వయసు చూసి కాదు, ఆడే చోటు చూసి మాట్లాడాలి. బాక్సులో నిలబడి గోల్ కొట్టే స్ట్రైకర్‌కి 37 అయినా నడుస్తుంది. 2024-25లో సునీల్ ఛెత్రి 40 ఏళ్ళకి ఐఎస్ఎల్‌లో 14 గోల్స్ కొట్టాడు. కానీ పేరుని చూసి తెస్తే 2014లో ఢిల్లీకి ఇటలీ స్టార్ దెల్ పియెరో వచ్చినట్టుంటుంది. సీజన్ మొత్తానికి ఒక్క గోల్. మనకీ జరిగింది: 2019-20లో మొదటి సీజన్‌కి బ్రెజిల్ నుంచి 34 ఏళ్ళ బోబో, ఇంకా మార్సెలీన్యో ఉన్నారు. ఆఖరి స్థానం.

ఇంకో సంగతి. ఓగ్‌బెచే వచ్చిన ఏడే ఒకేసారి మైదానంలో ఉండగల విదేశీయుల్ని ఐదు నుంచి నలుగురికి తగ్గించారు. అతను 60 నిమిషాలకే అలసిపోతే నాలుగోవంతు విదేశీ బలం బెంచీ ఎక్కినట్టే. అతని తర్వాత దింపడానికి మనవాడు ఒకడు సిద్ధంగా ఉండాలి. వాణ్ణేగా మీరు ఇచ్చేద్దామంటున్నది!

జీతం మాట కూడా ఎవరూ ఎత్తట్లేదు. 2023-24లో బకాయిలు పేరుకుపోయి, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడి, ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతే 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచాం. అప్పుడు మిగిలి ఆడింది కుర్రాళ్ళే. స్టార్‌ని తేవాలంటే ఏడాది ఒప్పందం మీద, ఎవర్నీ ఇవ్వకుండా, జీతం ముందే పక్కన పెట్టి తేవాలి. లేదా కుర్రాణ్ణి ఒక సీజన్‌కి అరువిచ్చి మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలి.

గచ్చిబౌలి గ్యాలరీ

అరువంటే సరే. ఇద్దర్నీ అరువిద్దాం. అవతలి క్లబ్బు ఒప్పుకోకపోతే మాత్రం ఒకణ్ణి శాశ్వతంగా ఇచ్చేయడానికి నేను సిద్ధమే. స్టార్ లేకుండా మొదటి ఏడు గడిపితే స్పాన్సర్ ఎవడొస్తాడు చెప్పండి.

నైట్‌షిఫ్ట్ నాని

ఒకణ్ణి ఇస్తే డబ్బు కూడా కలిపి అడుగుతారు అన్నా, చూస్తూ ఉండు.

బొల్లారం లెఫ్ట్‌బ్యాక్

ఆశిష్ 2022ల పాయె, ఆకాశ్ 2023ల పాయె. గా ఎన్క మన గోల్‌ల ఎన్ని పడ్డయో నీకెర్కనే. మిడ్‌ఫీల్డర్‌ని అడిగితే కూసొని మాట్లాడుదాం. బ్యాక్‌ల జోలికి మాత్రం రాకు.