ఉగాది నాడు తిప్పిన ఆరు బుష్షులు: యంత్రం వాడుకలోకి వచ్చినట్టేనా?

పీణ్యా రెండో దశ:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యాలో నేనూ మా బావగారూ భాగస్వాములుగా చిన్న యంత్రభాగాల షాపు నడుపుతున్నాం. 2025 మార్చిలో కొత్త సీఎన్‌సీ లేత్ (కంప్యూటరు ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రం) కొన్నాం. పునాది, దింపుడు ఖర్చులు కలిపి జీఎస్‌టీ కాకుండా 38 లక్షలు. జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నాం (మేము కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గించుకున్నాం) కాబట్టి దాన్ని ఖరీదులో కలపలేదు.

యంత్రం మార్చి 26న దిగింది. 30న ఉగాది, ఆదివారం. మిగతా యంత్రాలన్నీ ఆపి ఉండటంతో ఉన్న కరెంటు లోడే సరిపోయింది. కొబ్బరికాయ కొట్టి, యంత్రం అమ్మినవారి ఇంజనీరు ఎదుట ఆరు ఇత్తడి బుష్షులు, అంటే గొట్టాల్లాంటి చిన్న భాగాలు, తిప్పి చేశాం. నాలుగు కొలత తప్పాయి, రెండు సరిగ్గా వచ్చాయి. మర్నాడు రంజాన్ సెలవు. తర్వాత లోడు పెంపు ఆలస్యమై, అసలు ఉత్పత్తి ఏప్రిల్ 21న గానీ మొదలు కాలేదు.

ఇక తగువు. మార్చి 30నే వాడుకలోకి వచ్చిందనుకుంటే 2024-25 లెక్కల్లో తరుగుదల (యంత్రం ఖరీదులో ఏటా ఖర్చుగా రాసుకునే భాగం) చూపవచ్చు. 180 రోజుల కంటే తక్కువ వాడకం కాబట్టి 15 శాతంలో సగమే, అంటే 2.85 లక్షలు. ఉత్పత్తిదారులకు కొత్త యంత్రంపై ఇచ్చే అదనపు తరుగుదల 20 శాతంలోనూ సగం, 3.80 లక్షలు. మొత్తం 6.65 లక్షలు. మాది భాగస్వామ్య సంస్థ, 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. అంటే 2.07 లక్షల పన్ను తగ్గుతుంది. ఆడిటరు గారేమో "ఆరు బుష్షులకు రెండు లక్షలా?" అని నవ్వుతున్నారు. బావగారు ఆయన పక్షం. మీరేమంటారు?

హోసూరు రోడ్డు:
నవ్వడానికేముంది? యంత్రం తిరిగింది, లోహం కోసింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 32వ సెక్షన్ అడిగేవి రెండే: ఆస్తి మీదై ఉండాలి, వ్యాపారం కోసం వాడి ఉండాలి. ఎన్ని ముక్కలు చేశారు, ఎన్ని అమ్మారు అని ఎక్కడా అడగదు. గుజరాత్ హైకోర్టు అషిమా సింటెక్స్ కేసులో ట్రయల్ ఉత్పత్తి కూడా వాడకమేనని చెప్పింది. ధైర్యంగా వేయండి.

చిట్టా ఆవర్జా:
ధైర్యం మీది, నోటీసు ఆయనకి. ఆయన షాపు ఉన్నది గుజరాత్‌లో కాదు. ఇక్కడి అధికారి ముందుగా చూసేది కర్ణాటక హైకోర్టు మాట. 2007లో యల్లమ్మ దాసప్ప ఆసుపత్రి కేసులో ఆ కోర్టు, యంత్రాన్ని నిజంగా వాడి ఉండాలి, సిద్ధంగా ఉంచితే చాలదు అంది. బొంబాయి హైకోర్టు 2004లోనే ఇదే దారి పట్టింది.

హోసూరు రోడ్డు:
ఆ తీర్పు నా వైపే ఉందండీ! సిద్ధంగా ఉంచితే చాలదన్నారు, నిజమే. వీళ్ళు గుడ్డ కప్పి మూలన పెట్టలేదు కదా, తిప్పారు. సిద్ధంగా ఉంచడం వేరు, ట్రయల్ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

చిట్టా ఆవర్జా:
వేరే, ఒప్పుకుంటాను. ఈ కేసు ఆ రెండింటికీ నడుమన ఉంది. అందుకే చట్టం కంటే కాగితాలే తేలుస్తాయి. ముప్పయ్యేళ్ళు ఆవర్జాలు రాసిన అనుభవంతో అడుగుతున్నాను: మార్చి 30న ఇంజనీరు ఇచ్చిన సర్వీసు చీటీలో ఏమి రాశారు? యంత్రం అప్పగింత పత్రం మీద తేదీ ఏది? ఆదివారం, పైగా పండగ, హాజరు పట్టీలో ఆపరేటరు సంతకం ఉందా? మార్చి ఆఖరి వారంలో కొన్న ఏ ఆస్తినైనా అధికారి అనుమానంగానే చూస్తాడు. ఆ వారంలో ఎంతమంది యంత్రాలు హఠాత్తుగా తిరగడం మొదలుపెడతాయో ఆయనకూ తెలుసు.

మడివాళ నుంచి:
పక్క మాట, ఇతరులకు పనికొస్తుందని. సొంత పేరున వ్యాపారం చేసేవారు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ అదనపు తరుగుదల అసలే రాదు. 2023-24 నుంచి వారికి కొత్త విధానమే సహజంగా వర్తిస్తుంది, పాతది కావాలంటే ఫారం ఇచ్చి ఎంచుకోవాలి. భాగస్వామ్య సంస్థలకు ఈ బెడద లేదు.

పీణ్యా రెండో దశ:
కాగితాలు తీశాను. మనసు కుదుటపడలేదు. సర్వీసు చీటీ మార్చి 30దే, కానీ అందులో "ట్రయల్ జరిగింది, కొలత సరిచేయవలసి ఉంది" అని రాశారు. అప్పగింత పత్రం తేదీ ఏప్రిల్ 19. హాజరు పట్టీ ఆ రోజు ఖాళీ. ఆపరేటరు పూజకు వచ్చి, ప్రసాదంతో పాటు ఓవర్‌టైం కూడా నగదుగా పుచ్చుకుని వెళ్ళాడు. ఒక్క మంచి సంగతి: సరిగ్గా వచ్చిన ఆ రెండు బుష్షులూ ఏప్రిల్ 2న నమూనాలుగా ఖాతాదారుకు వెళ్ళాయి. డెలివరీ చలానా ఉంది.

చిట్టా ఆవర్జా:
అయితే మీరు యంత్రాన్ని పరీక్షించారు. వాడలేదు.

హోసూరు రోడ్డు:
కొలత సరిచేయవలసిన యంత్రం వాడని యంత్రమా? ఆ లెక్కన నా షాపులో సగం యంత్రాలు ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. ఆ రెండు బుష్షులు ఖాతాదారు చేతికి వెళ్ళాయంటే మార్చి 30 నాటి పని వ్యాపారంలోకి చేరినట్టే.

మడివాళ నుంచి:
మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది, వడ్డీ. యంత్రానికి బ్యాంకు అప్పు తీసుకుని ఉంటే, వాడుకలోకి వచ్చే దాకా అయిన వడ్డీ ఖర్చుగా రాదు, యంత్రం ఖరీదులో కలుస్తుంది. వాడుక మొదలయ్యాకే ఖర్చు. పీణ్యా వారూ, ఏప్రిల్ 1 నుంచి 20 దాకా వడ్డీని పుస్తకాల్లో ఎక్కడ వేశారు?

పీణ్యా రెండో దశ:
ఖర్చులో. ఆడిటరు గారే వేయమన్నారు.

మడివాళ నుంచి:
అయితే ఆయన నవ్వు ఆపాలి. వడ్డీకి మార్చి 30, తరుగుదలకు ఏప్రిల్ 21 అంటూ ఒకే యంత్రానికి రెండు పుట్టినరోజులు కుదరవు. పన్ను ఆడిట్ ఉంటే దాని నివేదికకు జతచేసే 3సీడీ ఫారం 18వ అంశంలో కొత్త ఆస్తి వాడుకలోకి వచ్చిన తేదీ రాయాలి. అక్కడ ఉండేది ఒక్క తేదీయే.

చిట్టా ఆవర్జా:
మంచి పట్టు పట్టారు. ఏప్రిల్ అన్నా నష్టమేమీ పెద్దది కాదని కూడా చెప్పాలి. సగం కోత కొన్న ఏడాదికే. మార్చిలో కొని, వాడకం ఏప్రిల్‌లో మొదలైతే 2025-26లో సాధారణ తరుగుదల 15 శాతం పూర్తిగా వస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో మొదలుపెట్టినా అంతే.

హోసూరు రోడ్డు:
అలాగని ఏది లాభమో చూసి ఏడాదిని ఎంచుకునే వీలూ లేదు. నిజంగా మార్చిలో వాడి ఉంటే, మీరు అడిగినా అడగకపోయినా తరుగుదల ఇచ్చినట్టే లెక్క. 32వ సెక్షన్‌లోని అయిదో వివరణ చెప్పేది అదే. కాబట్టి "గొడవెందుకు, వదిలేద్దాం" అనేది క్షేమమైన దారేమీ కాదు.

చిట్టా ఆవర్జా:
ఈ మాటకు ఎదురు చెప్పను. నా అభ్యంతరం "నిజంగా వాడి ఉంటే" దగ్గరే.

పీణ్యా రెండో దశ:
శనివారం సర్వీసు చీటీ, చలానా, బావగారి ఫోనులో ఉన్న పూజ వీడియో పట్టుకుని ఆడిటరు గారి దగ్గరికి వెళ్తున్నాం. వీడియోలో స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) తిరగడం, చిప్స్ (లోహపు తురుము) రాలడం స్పష్టంగా ఉన్నాయి. ముందు వడ్డీ సంగతి అడుగుతాను. మార్చి 30 అని ఆయన ఒప్పుకుంటే తరుగుదల వేస్తాం. లేదంటే వడ్డీని కూడా ఖరీదులోకి మార్చమంటాను. బావగారు మాత్రం ఇప్పటికీ "ఆరు బుష్షులు" అనే అంటున్నారు.

చిట్టా ఆవర్జా:
ఒకటి మరిచారు. 38 లక్షల్లో దింపుడు ఖర్చు ఉందన్నారు. క్రేన్ వాళ్ళకు ఎలా ఇచ్చారు?

పీణ్యా రెండో దశ:
14,000. నగదే. అప్పటికప్పుడు చేతికి ఇచ్చేశాం.

చిట్టా ఆవర్జా:
ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ మొత్తం ఆస్తి ఖరీదులోకి రాదు. 38 కాదు, 37.86 లక్షలతో లెక్క మళ్ళీ వేసుకోండి.