ఎండ బాగానే ఉన్నా సోలార్ గీజరులో గోరువెచ్చని నీళ్ళే: ట్యూబులు మార్చాలా?

బెంగళూరులోని హొరమావు నుంచి ఒక ఇంటివారి ప్రశ్న: మూడంతస్తుల ఇల్లు, 200 లీటర్ల సోలార్, 20 గాజు ట్యూబులు. బోరు నీళ్ళు. సంక్రాంతి దాకా కాగే నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు పొద్దున ఏ బాత్రూంలోనూ గోరువెచ్చన దాటడం లేదు. ట్యూబులన్నీ మార్చాలంటున్నారు. నిజమేనా అండి?

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. సాయంత్రం 4 గంటలకు మేడమీదకెళ్ళి, సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్ళు బయటికొచ్చే చోట గొట్టం జాగ్రత్తగా తాకి చూడండి. అక్కడ చురుక్కుమంటే ట్యూబులు బాగానే ఉన్నాయి, తప్పు కింద ఉంది.

తర్వాత సోలార్‌కి చన్నీళ్ళిచ్చే గేట్ వాల్వు కట్టేసి, కింది అంతస్తులో వేడి కుళాయి ఒక్కటే తిప్పండి. గొట్టాల్లో మిగిలింది కారి రెండు మూడు నిమిషాల్లో ధార ఆగాలి. ఆగకపోతే ఏదో మిక్సరు (వేడి, చల్లని నీళ్ళు కలిపిచ్చే కుళాయి) గుండా చన్నీళ్ళు వేడి లైనులోకి దూరుతున్నట్టే. పరీక్ష అయ్యాక వాల్వు తెరవడం మరవకండి.

హొరమావు: గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వాల్వు కట్టి పది నిమిషాలైనా కుళాయి ఆగలేదండి!

జవాబు: దొరికింది. వాల్వు కట్టే ఉంచి, ఆ కుళాయి కారుతుండగానే ఒక్కో మిక్సరు కింది యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గరుండే చిన్న వాల్వులు) కట్టుకుంటూ రండి. ఎక్కడ ధార ఆగితే అదే దొంగ. ఎక్కువగా హ్యాండ్ షవర్ల దగ్గర జరుగుతుంది: రెండు పిడులూ తెరిచే ఉంచి, చేతిలోని మీటతో నీళ్ళు ఆపేస్తారు. లోపల వేడి, చల్లని లైన్లు కలిసిపోయి ఉంటాయి. ఇంకో గదిలో వేడి కుళాయి తిప్పగానే చన్నీళ్ళు ఆ అడ్డదారిన వచ్చేస్తాయి. చల్లని లైనుకొక్కదానికే ప్రెషర్ పంపు ఉంటే మరీ ఘోరం. పిడులు కట్టేసే అలవాటు చేసుకోండి. కట్టినా కారితే పిడి లోపల నీళ్ళు ఆపే కార్ట్రిడ్జ్ మార్చండి, ఆ మిక్సరుకొచ్చే రెండు లైన్లకూ నీళ్ళు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు పెట్టించండి.

మరొకరు: బోరు నీళ్ళ సున్నం సంగతి కూడా చెప్పాలి. ట్యూబు అడుగున వెండి రంగు పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడితే రెండు గాజు పొరల మధ్య వేడిని పట్టి ఉంచే శూన్యం పోయినట్టే, ఆ ఒక్క ట్యూబు మార్చితే చాలు. సున్నం ట్యూబు అడుగున పేరుకుంటుంది. రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకంలో అయితే దారే మూసుకుపోతుంది, అందుకే గట్టి నీళ్ళకు ట్యూబులే నయం. ట్యూబులు కడగడం ఎండెక్కకముందే చెయ్యాలి. ఎండలో కాలిన ఖాళీ ట్యూబులో చన్నీళ్ళు పోస్తే పగిలిపోతుంది. సోలార్ ట్యాంకు మీద నిలువుగా ఉండే గాలి గొట్టం మాత్రం, నీళ్ళు చిమ్ముతున్నాయని కూడా, ఎప్పుడూ మూయకండి. దాని కొస చన్నీళ్ళ ట్యాంకు నీటిమట్టం కంటే పైకుండాలి.

హొరమావు: మిక్సరు పట్టుకున్నాం, రెండో అంతస్తుది. ఇప్పుడు వేడి వస్తోంది, కానీ కింది వంటింట్లో చాలాసేపు చన్నీళ్ళే పోతున్నాయి.

జవాబు: అది లైనులో నిలిచిన నీళ్ళు. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకు వాడే ప్లాస్టిక్) గొట్టంలో మీటరుకు సుమారు పావు లీటరు పడుతుంది, 25 మీటర్లకు ఆరు లీటర్ల పైనే. 'ధార బాగా రావాలి' అని అంగుళం గొట్టం వేయిస్తే ఇంకా ఎక్కువ వృథా. వంటింటికి అర అంగుళం గొట్టం విడిగా తెస్తే సగానికి తగ్గుతుంది. మేడమీది గొట్టానికి ఫోమ్ తొడుగు, దానిపైన ఎండ తగలని పూత తప్పనిసరి.

ఇంకొకరు: మబ్బు రోజుల్లో సోలార్ ట్యాంకులోని 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ రాత్రంతా వదలొచ్చా?

జవాబు: వద్దండి. 200 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 8 యూనిట్ల కరెంటు. స్నానానికి 45 డిగ్రీలు చాలు, థర్మోస్టాట్ అక్కడ పెట్టి తెల్లవారుజామున రెండున్నర గంటలు వేయండి. రాత్రే కాచి తెల్లవార్లూ చల్లారనివ్వడం దండగ.