రైల్వే మీది వంతెనకు నడకదారి, సైకిల్ దారి: అర్జీ ఎవరికి, ఎంత వెడల్పు అడగాలి? (బెంగళూరు)

తూర్పు బెంగళూరు 37:
మా పక్క రైల్వే మీది వంతెన నాలుగు లేన్లది. ఒక్కో వైపు 7.5 మీటర్లు, మధ్యలో సన్నటి మీడియన్. ఫుట్‌పాత్ లేదు. అంచున అరవై సెంటీమీటర్ల కర్బ్ ఉంది, దాని మీద కేబుళ్ళు పరిచారు. స్టేషనుకు పోయేవాళ్ళు, బడి పిల్లల సైకిళ్ళు, అందరూ బస్సు చక్రాల పక్కనే. ఐదారు అపార్ట్‌మెంట్ సంఘాలు కలిసి అర్జీ పెట్టబోతున్నాయి. ఎవరికి పెట్టాలి, ఎంత వెడల్పు అడగాలి, డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, రాత్రి దీపాలు ఎవరు వేస్తారు? పక్కన ఇనుప బ్రాకెట్లు బిగించి దారి వేలాడదీస్తే చాలని మా సంఘంలో ఒక పెద్దాయన అంటున్నారు. అయ్యే పనేనా?

కాగితం పులి:
అర్జీ తర్వాత, ముందు ఆ వంతెన ఎవరిదో తేల్చుకోండి. మామూలుగా పట్టాల మీద పడే స్పాన్, అంటే వంతెన ముక్క, రైల్వే చేతిలో ఉంటుంది, రెండు పక్కల అప్రోచ్‌లు, అంటే ఎక్కే వాలు దారులు, రోడ్డు ఎవరిదైతే వాళ్ళవి. ఆ రోడ్డు కార్పొరేషన్‌దా, బీడీఏ (నగరాభివృద్ధి సంస్థ)దా, పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ)దా, జాతీయ రహదారుల వాళ్ళదా అన్నది ఇంకో చిక్కు. పైగా 2025 సెప్టెంబరులో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది, దాని కింద ఐదు కార్పొరేషన్లు. పాత ఫైలు ఏ బీరువాలోకి చేరిందో అడగందే తెలియదు.

అడిగే దారి ఆర్‌టీఐ. కర్ణాటకలో ఒక మెలిక ఉంది: ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. "వంతెన వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. ఒకదాంట్లో యాజమాన్యం, నిర్వహణ ఒప్పందం అడగండి. ఇంకోదాంట్లో జీఏడీ, అంటే జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్. మూడోదాంట్లో ఆఖరిసారి తనిఖీ చేసిన నివేదిక. మూడుసార్లు పది రూపాయలు, అంతే ఖర్చు. జీఏడీ చేతికి రాకుండా వెడల్పు గురించి మాట్లాడటం గాలిలో మేడ కట్టడమే.

పియర్‌క్యాప్:
బ్రాకెట్ల మాట ఎత్తిన పెద్దాయనకు నమస్కారం పెట్టి కూర్చోబెట్టండి. వంతెనల డిజైన్ నా వృత్తి, ఈ సలహా ఇవ్వనివాళ్ళు ఊళ్ళో లేరు. లెక్క చూడండి.

దారి 1.5 మీటర్ల వెడల్పు అనుకుందాం. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 6వ నంబరు కోడ్ ప్రకారం ఫుట్‌పాత్ మీద జనం బరువు చదరపు మీటరుకు 400 కిలోలు, గుంపులు పోగయ్యే చోట 500. స్టేషన్ పక్కన కాబట్టి 500 వేయాలి. 100 మి.మీ. కాంక్రీటు పలక సొంత బరువు 250. మొత్తం 750, దాన్ని 1.5తో గుణిస్తే మీటరు పొడవుకు 1,125 కిలోలు. రెండు మీటర్లకొక బ్రాకెట్ పెడితే ఒక్కోదాని మీద 2,250 కిలోలు, బిగించిన చోట మొమెంటు, అంటే వంచే బలం, సుమారు 1.7 టన్ను-మీటర్లు. రెయిలింగు బరువు, సేఫ్టీ ఫ్యాక్టరు ఇంకా కలపలేదు. పలక తీసేసి 6 మి.మీ. చెక్కర్డ్ ప్లేటు (గళ్ళ ఉక్కు రేకు) వేస్తే 250 కాస్తా 50 అవుతుంది గానీ జనం బరువు 500 అట్లాగే ఉంటుంది. కలిసొచ్చేది పావు వంతే.

ఆ బ్రాకెట్‌ను దేనికి బిగిస్తారు? ప్రీస్ట్రెస్డ్ గర్డర్ (లోపల ఉక్కు తీగలు బిగించి లాగిన కాంక్రీటు దూలం) అయితే అందులో డ్రిల్లు పెట్టకూడదు, లోపలి తీగ తెగిందంటే గర్డరే పోతుంది. పై స్లాబు అంచుకు బిగిద్దామంటే అందులోని పైకమ్మీ కర్బ్, రెయిలింగు మోయడానికి లెక్కేసి పెట్టింది. కెమికల్ యాంకర్లు, అంటే ఎపాక్సీ జిగురుతో అతికించే బోల్టులు, వద్దే వద్దు. ఎప్పుడూ లాగుడులో ఉండే చోట ఎపాక్సీ మెల్లమెల్లగా సాగుతుంది. 2006లో బోస్టన్ సొరంగంలో పైకప్పు పలకలు ఊడి కారు మీద పడింది అందుకే.

2018 జూలైలో ముంబై అంధేరీలో గోఖలే వంతెనలో కూలిన భాగం ఏది? పక్కకు చొచ్చుకొచ్చిన ఫుట్‌పాత్. అది రైలు పట్టాల మీదే పడింది. తుప్పు పట్టిన బ్రాకెట్లు, వాటి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న కేబుళ్ళ బరువు. మీ కర్బ్ మీద కూడా కేబుళ్ళున్నాయన్నారుగా, ఆలోచించుకోండి.

సైకిల్ సుబ్బు:
వేలాడదీయడం ఎందుకు, ఉన్నదాంట్లోంచే తీసుకోవచ్చుగా? లేను 3.75 నుంచి 3 మీటర్లకు తగ్గిస్తే నాలుగు లేన్లకు 12 మీటర్లు చాలు. మీడియన్‌ను పక్కకు జరిపితే ఒకే వైపు 3 మీటర్లు మిగులుతుంది. అందులో క్రాష్ బ్యారియర్ (బండ్లు ఇటు రాకుండా ఆపే అడ్డుగోడ) అడుగుభాగం 45 సెం.మీ. పోను 2.55. నడకకు ఐఆర్‌సీ 103 అడిగే అడ్డులేని 1.8 మీటర్లు వచ్చేశాయి. రెండు వైపులా పంచారో చెడింది: ఒక్కో పక్క 1.05 మిగులుతుంది, అది మనుషులకూ చాలదు సైకిళ్ళకూ చాలదు. అర్జీలో "ఒకే వైపు" అని స్పష్టంగా రాయండి, లేకపోతే రెండు పక్కలా తలా ఒక గీత గీసి చేతులు దులుపుకుంటారు.

న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన మీద 2021లో ఒక కారు లేను తీసి సైకిళ్ళకు ఇచ్చారు. 1883 నాటి వంతెన మీద అయిన పని మన దగ్గర ఎందుకు కాదు?

హెబ్బాళ బస్సు:
లేను తీస్తారంట! ఉన్న నాలుగు లేన్లలోనే పొద్దున ఎనిమిదింటికి బండి కదలదు. 3 మీటర్ల లేనులో 2.6 మీటర్ల వెడల్పు బస్సు, పక్కన ఇంకో బస్సు. అద్దాలు ఎక్కడ పెట్టాలి సార్, జేబులోనా?

సైకిల్ సుబ్బు:
వేగం 30, 40 దాటని చోట 3 మీటర్లు చాలు. బస్సు వచ్చే ఎడమ లేను 3.25 ఉంచి, కుడి లేను 2.75 చేయొచ్చు. మొత్తం మారదు.

పియర్‌క్యాప్:
సుబ్బు చెప్పింది బరువు పరంగా మంచిదే. లారీలు తిరగాల్సిన చోట మనుషులు నడిస్తే డెక్‌కు, అంటే వంతెన పై పలకకు, సుఖమే. ఒక్క హెచ్చరిక: పోతపోసిన క్రాష్ బ్యారియర్ మీటరుకు 700 కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని గర్డర్ల మధ్యలో స్లాబు మీద కొత్తగా పెడుతున్నారంటే లోడ్ రేటింగ్, అంటే వంతెన ఎంత మోయగలదో లెక్క, చేయించాల్సిందే, ఐఆర్‌సీ ఎస్‌పీ 37 ఉన్నది దానికే. బరువు తగ్గాలంటే ఉక్కు బ్యారియరు. మీడియన్ జరిపాక ఆ పక్క లారీలు అంచు గర్డర్ వైపు ఒరుగుతాయి, అదీ చూడాలి.

అనంతపురం అప్ప:
ఏమప్పా, ఇంత లెక్కలు చెప్తాండారు. దారి వేసినాక దాని మీదికి స్కూటర్లు ఎక్కుతాయి. అది ఆపేది ఎవరు?

సైకిల్ సుబ్బు:
దారి మొదట్లో బొల్లార్డులు, అంటే పొట్టి అడ్డుస్తంభాలు, పెట్టాలి. సమస్య తీరిపోయింది.

ర్యాంపు రాణి:
తీరలేదు సుబ్బుగారూ, అక్కడే మొదలైంది. వీల్‌చెయిర్ పోవడానికి బొల్లార్డుల మధ్య కనీసం 900 మి.మీ. ఖాళీ కావాలి. మామూలు స్కూటర్ వెడల్పు 700, బైకు హ్యాండిలు 750 నుంచి 800. వీల్‌చెయిర్ దూరే ప్రతి సందులో స్కూటర్ దూరుతుంది. స్కూటర్ దూరని సందు పెట్టారంటే వీల్‌చెయిర్‌కు దారి మూసినట్టే. బొల్లార్డు అనే వస్తువు ఈ రెండింటినీ వేరు చేయలేదు, జ్యామితి ఒప్పుకోదు.

సైకిల్ సుబ్బు:
అయితే జిగ్‌జాగ్ గేటు పెట్టండి. బండి తిప్పలేరు.

ర్యాంపు రాణి:
వీల్‌చెయిర్ తిరగడానికి 1.5 మీటర్ల వృత్తం కావాలి. అంత చోటిస్తే బండి కూడా నెట్టుకుని తిప్పుతారు. ఇవ్వకపోతే చక్రాల కుర్చీ, చేతిబండి, జంట పిల్లల బండి, మీ సరుకుల సైకిలు, అన్నీ బయటే. మీ సైకిలు పోతే చాలనుకుంటే అలా చెప్పండి, "నడకదారి" అనొద్దు.

సైకిల్ సుబ్బు:
నేనలా అనలేదు మేడమ్. ప్రతిదానికీ కుదరదంటే ఏదీ కట్టరు.

హెబ్బాళ బస్సు:
స్కూటర్ వాడిని దొంగలా చూడటం ఆపండి ముందు. వంతెన మీద యూ టర్న్ ఒకటిన్నర కిలోమీటరు అవతల పెడితే వాడేం చేస్తాడు? ఎదురు నడపక చస్తాడా?

అనంతపురం అప్ప:
ఎదురు నడిపితే చచ్చేది నడిచేవాడు సామీ. వాడు కాదు.

పియర్‌క్యాప్:
బొల్లార్డు పంచాయితీ చాలు. కాస్తో కూస్తో పనిచేసేది ఒక్కటే: దారి మొదలును రోడ్డు వరుసలో కాక 90 డిగ్రీలు పక్కకు, స్టేషన్ వైపు తిప్పి తెరవడం. వరుసలో ఉంటే బండి వేగం తగ్గకుండానే ఎక్కుతుంది. పక్కకు తెరిస్తే ఆగి, దిగి, తిప్పాలి. పూర్తిగా ఆపదు, తగ్గిస్తుంది. మిగతాది కెమెరా, జరిమానా.

ర్యాంపు రాణి:
దీనికి ఒప్పుకుంటాను. ఒక షరతు: ఆ మొదట్లో మెట్టు ఉండకూడదు. కిందినుంచి కొత్త ర్యాంపు కడతామని ఎవరైనా అంటే లెక్క ఇది. విద్యుత్ లైను ఉన్నచోట పట్టాల నుంచి 6.525 మీటర్ల ఖాళీ, పైన గర్డర్, స్లాబు కలిపితే డెక్ సుమారు 9 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1:12 వాలు అంటే 108 మీటర్లు, ప్రతి 75 సెం.మీ. ఎత్తుకు ఒక మజిలీ (ఆగడానికి చదును), అలాంటివి 11. మొత్తం 125 మీటర్ల దాకా. అంత జాగా స్టేషన్ పక్కన ఎక్కడుంది? అప్రోచ్ వాలు వెంటే దారి పోవాలి, అది సాధారణంగా 1:30. మెట్లు అదనంగా కట్టుకోండి, బదులుగా కాదు.

మైలాపూర్ మైలురాయి:
చెన్నై నుంచి. ఇక్కడ కార్పొరేషన్ 2014లోనే మోటారు లేని రవాణాకు విధానం తెచ్చింది, రవాణా బడ్జెట్లో 60 శాతం నడకకు, సైకిళ్ళకు అని. మాంబళం స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండుకు 2023లో ఆకాశ నడకదారి కట్టారు, 570 మీటర్ల పొడవు, 4.2 మీటర్ల వెడల్పు. మీ ఊరివాళ్ళు ఇంకా అర్జీ ఎలా రాయాలో మాట్లాడుకుంటున్నారు.

హెబ్బాళ బస్సు:
60 శాతం కాగితం మీదా, రోడ్డు మీదా గురూ?

మైలాపూర్ మైలురాయి:
కాగితం ఉంటేనే కదా నిలదీసేది. మీ దగ్గర అదీ లేదు. 2022లో క్రియాశీల రవాణా బిల్లు ముసాయిదా రాశారు, అదేమైంది?

కాగితం పులి:
డబ్బు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పట్టాల మీది భాగంలో మార్పు కావాలంటే స్థానిక సంస్థ అడగాలి, రైల్వే అంచనా వేయాలి, ఆ మొత్తం ముందే కడితే రైల్వే చేస్తుంది. దీన్ని డిపాజిట్ వర్క్ అంటారు. అపార్ట్‌మెంట్ సంఘం నేరుగా రైల్వేకు ఎన్ని ఉత్తరాలు రాసినా కదలదు, అడిగేవాడు డబ్బు కట్టగలవాడై ఉండాలి. కార్పొరేషన్ ఇంజనీరు (ఏఈఈ) చేత రైల్వేతో జాయింట్ ఇన్‌స్పెక్షన్ అడిగించడం మొదటి మెట్టు. ఇద్దరు ఇంజనీర్లు ఒకే రోజు వంతెన మీద నిలబడి సంతకం పెట్టిన కాగితమే అసలు ఫైలు.

ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు, నియోజకవర్గం మొత్తానికి. అప్రోచ్ వరకు అడగొచ్చు, పట్టాల మీది పనికి దాని మీద ఆశ పెట్టుకోకండి. పట్టాల పైన ఏ పని చేసినా ట్రాఫిక్ బ్లాకు, పవర్ బ్లాకు కావాలి, అంటే రైళ్ళూ కరెంటూ ఆపాలి. రాత్రి రెండు మూడు గంటలు దొరికితే గొప్ప. పదిరోజుల పని నెలలు పట్టేది అందుకే. 25,000 వోల్టుల తీగ పైన రెయిలింగుకు రక్షణ తెర కూడా వేయాలి, అంచనాలో అది మరచిపోతే ఫైలు వెనక్కొస్తుంది.

అర్జీలో ఇంకో మాట చేర్చండి. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఏఈఈకి దానివల్ల డబ్బు రాదు గానీ, "అవసరం లేదు" అని ఫైలు మీద రాయడానికి చెయ్యి ఆడదు.

గోదారి గట్టు:
మా రాజమండ్రిలో హేవలాక్ వంతెన 1997లో రైళ్ళు ఆపినప్పటినుంచి ఖాళీగా ఉంది. కట్టిన వంతెన, మోసే బలం, కింద గోదారి. నడకదారి చేయడానికి అంతకంటే ఏం కావాలి?

అనంతపురం అప్ప:
ఈయప్ప ఏ చర్చనైనా రాజమండ్రికే తీసుకపోతాడు.

సైకిల్ సుబ్బు:
దారి మంజూరైతే డ్రాయింగులో ఈ మూడు చూడండి, కట్టేశాక ఎవరూ మార్చరు. నీటి జాలీ కమ్మీలు సైకిల్ వెళ్ళే దిక్కుకు అడ్డంగా ఉండాలి, వరుసగా ఉంటే ముందుచక్రం దిగబడుతుంది. ఎక్స్‌పాన్షన్ జాయింటు (వంతెన సాగడానికి వదిలిన సందు) మీద కప్పే పలకను ఒక పక్కే బిగించాలి. రెండు పక్కలా బిగిస్తే ఎండకు వంతెన సాగి బోల్టులు తెగుతాయి, పలక లేచి కత్తిలా నిలబడుతుంది. రెయిలింగు ఎత్తు నడిచేవాళ్ళకు సరిపోయినా సైకిల్ మీద కూర్చున్నవాడికి నడుము కిందే ఉంటుంది. బ్రిటన్‌లో సైకిళ్ళకు 1.4 మీటర్లు అడుగుతారు.

పియర్‌క్యాప్:
అమెరికాలో 1.07 చాలంటారు. ఎత్తు పెంచితే గాలి, తోపుడు బరువు పెరుగుతాయి, స్తంభం మొదట్లో బోల్టులు మారతాయి.

సైకిల్ సుబ్బు:
మీకు ప్రతిదానికీ బోల్టే.

పియర్‌క్యాప్:
ఊడేది అదే కాబట్టి.

తూర్పు బెంగళూరు 37:
అందరికీ ధన్యవాదాలు. జీఏడీ కోసం ఆర్‌టీఐ రాశాను, 143 మాటలు వచ్చింది. ఒకే వైపు 2.55 మీటర్లు, దారి మొదలు స్టేషన్ వైపు తెరవడం, జాయింట్ ఇన్‌స్పెక్షన్, ఈ మూడూ అర్జీలో పెడుతున్నాం. పెద్దాయనకు 1.7 టన్ను-మీటర్ల లెక్క చూపించాను, పలక తేలిక చేస్తే సరిపోదా అంటున్నారు. దీపాల సంగతి ఎవరూ చెప్పలేదు.

కాగితం పులి:
143లో యాజమాన్యం ప్రశ్న కూడా కలిపారా? కలిపితే తీసేయండి, అది వేరే విషయం కింద లెక్కేస్తారు. రెండో దరఖాస్తు, ఇంకో పది రూపాయలు.

హెబ్బాళ బస్సు:
2.75 లేనులో నా బస్సు ఎలా పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.